రొయ్య రక్తకణాలను ఫిక్స్ చేసి ల్యాబ్‌కి తేవచ్చా? ఫ్లో సైటోమీటర్ స్లాట్‌కి ముందు చూసుకోవాల్సినవి

నమస్కారమండి. మీ ప్రశ్నని ముందు కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా వీలుగా ఉంటుంది. మీరు భీమవరంలో వనామీ రొయ్యల రక్తకణాల మీద, అంటే హీమోసైట్ల మీద, పని చేస్తున్నారు. ఉండి అనే ఊరి వైపు రెండు చెరువులు (ఉప్పుదనం 4 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకి 4 పాళ్లు), మొగల్తూరు వైపు రెండు చెరువులు (18 పీపీటీ). యూనివర్సిటీ వాళ్ల ఉమ్మడి ల్యాబ్‌లో ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి కొలిచే మెషీన్) రెండు గంటలు, కన్‌ఫోకల్ (కణాన్ని పొరపొరగా చూపే లేజర్ మైక్రోస్కోపు) ఒక గంట బుక్ చేసుకున్నారు. అడిగినవి మూడు: శాంపిల్‌ని ఫిక్స్ చేసి (మందుతో కణాలు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోయేలా చేసి) ఐస్ బాక్సులో తేవచ్చా, బతికున్న రొయ్యల్నే తేవాలా? పోయినసారి మూడో ట్యూబుకే మెషీన్ మూసుకుపోయి ఆపరేటర్ ఆపేశారు, ఎందుకు? ఉండి రొయ్యల కణాలు మొగల్తూరు వాటికన్నా చిన్నగా కనబడ్డాయి, అది జబ్బేనా?

సూటి జవాబు. కణాల లెక్క, రకాలు, డీఎన్ఏ పరిమాణం, ఫాగోసైటోసిస్ (కణాలు బయటివాటిని మింగడం), ఇవి చూడాలంటే ఫిక్స్ చేసి తెచ్చుకోండి, ఏమీ ఇబ్బంది లేదు. ఆక్సిజన్ రాడికల్స్, అనెక్సిన్ (చావు మొదలైన కణాలకి అంటుకునే ప్రోటీన్), మామూలు పీఐ (ప్రొపిడియం అయొడైడ్) రంగుతో చచ్చిన కణాల లెక్క, వీటికి ఫిక్స్ చేసిన కణం పనికిరాదు. మెషీన్ మూసుకుపోవడానికి కారణం చాలావరకు మీ సిరంజిలోనే పుట్టిన గడ్డ. ఇక కణాలు చిన్నవి కావడం గురించి: జబ్బుని అనుమానించే ముందు బఫర్‌ని, అంటే కణాల్ని ఉంచిన ద్రవాన్ని, అనుమానించండి. నాలుగు చెరువులకీ ఒకే యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టకుండా కలిపే బఫర్) వాడి ఉంటే ఆ తేడా మీరు తయారుచేసిన తేడానే అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఆ మూడోదే అసలు విషయం కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

కిట్లతో వచ్చే బఫర్లన్నీ మనిషి కణాలకో ఎలుక కణాలకో చేసినవి. మామూలు పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు బఫర్) ఆస్మోలాలిటీ, అంటే అందులో కరిగినవాటి గాఢత, 290 మిల్లీఆస్మోల్స్ చుట్టుపక్కల. వనామీ రక్తం దానికి రెట్టింపు పైనే ఉంటుంది. బతికున్న హీమోసైట్‌ని పీబీఎస్‌లో వేస్తే నీరు లోపలికి తోసుకొచ్చి కణం ఉబ్బుతుంది, చాలావరకు పగులుతుంది. పగిలిన కణాల డీఎన్ఏ జిగురులా సాగి మిగతా కణాల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. కాబట్టి "పీబీఎస్‌తో రెండుసార్లు కడగాలి" అని ప్రోటోకాల్‌లో చూసి అలాగే చేస్తే పని అక్కడితో పాడైనట్టే.

రెండో చిక్కు, మన చెరువుల ఉప్పుదనం. వనామీ చెరువు నీటితో పాటు తన రక్తం గాఢతని పూర్తిగా మార్చుకోదు, అలాగని ఒకే అంకె మీద నిలబెట్టుకోనూ లేదు. సుమారు 25 పీపీటీ దగ్గర నీరూ రక్తమూ సమానంగా, 720 మిల్లీఆస్మోల్స్ దరిదాపుల్లో ఉంటాయి. అంతకన్నా చప్పటి నీటిలో రక్తం నీటికన్నా ఉప్పగానే ఉంటుంది, కానీ నీరు చప్పబడేకొద్దీ అదీ కొంత దిగుతుంది. అంటే ఉండి రొయ్య రక్తం, మొగల్తూరు రొయ్య రక్తం ఒకే గాఢతలో ఉండవు. పేపర్లలో ఎక్కువగా కనిపించే రొయ్య యాంటీకోయాగ్యులెంట్ సముద్రపు నీటిలో పెరిగే రొయ్యకి సరిపోయేలా 850 మిల్లీఆస్మోల్స్ దగ్గర చేసింది. దాన్ని 4 పీపీటీ రొయ్యకి వాడితే కణంలోంచి నీరు బయటికి పోయి ముడుచుకుంటుంది. ఫార్వర్డ్ స్కాటర్‌లో (కణం సైజుని బట్టి ముందుకి చెదిరే వెలుగులో) చిన్నగా కనబడుతుంది. మీరు చూసింది అదే అని నా లెక్క.

ఆ యాంటీకోయాగ్యులెంట్ లీటరుకి ఇదీ: సోడియం క్లోరైడ్ 26.3 గ్రాములు (450 మిల్లీమోలార్), పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రాము, డైసోడియం ఈడీటీఏ 3.72 గ్రాములు, హెపెస్ (పీహెచ్ నిలిపే పదార్థం) 2.38 గ్రాములు, పీహెచ్ 7.3. చివరి మూడూ 10 మిల్లీమోలార్ చొప్పున. ఇందులో మీరు మార్చాల్సింది మొదటి అంకె ఒక్కటే. లీటరులో ఒక గ్రాము ఉప్పు పెంచినా తగ్గించినా సుమారు 32 మిల్లీఆస్మోల్స్ మారుతుంది. చెరువు రొయ్య రక్తం 650 అని కొలిచారనుకోండి. 850 నుంచి 200 దించాలి, 200ని 32తో భాగిస్తే 6.25. అంటే 26.3 గ్రాముల బదులు 20 గ్రాములు వేయాలి. పీబీఎస్‌ని పెంచుకోవాలన్నా ఇదే లెక్క: 290 నుంచి 650కి వెళ్లాలంటే లీటరుకి అదనంగా 11 గ్రాములు పైచిలుకు.

కొలవడం ఎలా అంటారా? ఆస్మోమీటర్‌కి 50 మైక్రోలీటర్ల రక్తం చాలు, యాంటీకోయాగ్యులెంట్ కలపకుండా తీసి, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవం పెట్టండి. పెద్ద ఆస్పత్రుల బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో కొన్నింట్లో ఆస్మోమీటర్ ఉంటుంది, అడిగి చూడండి. దొరక్కపోతే మోటు పద్ధతి ఒకటుంది. 550, 650, 750, 850 దగ్గర నాలుగు బఫర్లు చేసుకుని, ఒకే రొయ్య రక్తాన్ని నాలుగింట్లోనూ వేసి, పది నిమిషాల తర్వాత 40 ఎక్స్ కింద చూడండి. ఉబ్బి పలచబడ్డవీ, ముడుచుకుని అంచులు గరుకెక్కినవీ ఇట్టే తెలుస్తాయి. మధ్యలో కణం గుండ్రంగా, గింజలు కదలకుండా నిలిచిన బఫరే మీ బఫర్. ప్రతి చెరువుకీ విడిగా చూడండి. వర్షాలు పడ్డాక, నీళ్లు మార్చాక మళ్లీ చూడండి, ఉప్పుదనం మారిపోయి ఉంటుంది.

ఇప్పుడు మూసుకుపోవడం సంగతి. రొయ్య రక్తం గడ్డకట్టడానికి క్షణాలు చాలు. హీమోసైట్లు కదిలితే ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైమ్ బయటికొస్తుంది, కాల్షియం సాయంతో రక్తంలోని క్లాటింగ్ ప్రోటీన్‌ని అల్లేస్తుంది. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేస్తేనే రక్తం ద్రవంగా ఉంటుంది. రొయ్య రక్తంలో కాల్షియం మన రక్తంలో కన్నా చాలా ఎక్కువ. అందుకని ఒకటికి ఒకటి కలిపితే ఈడీటీఏ బొటాబొటిగా సరిపోతుంది, ఒక్కోసారి చాలదు. రక్తం ఒక వంతు, యాంటీకోయాగ్యులెంట్ రెండు వంతులు పెట్టుకోండి.

గట్టు మీద చేసే పని ఇలా. ఒక మిల్లీలీటరు సిరంజి, 26 గేజ్ సూది. సిరంజిలోకి ముందే 0.4 మిల్లీలీటర్ల చల్లని యాంటీకోయాగ్యులెంట్ లాగి, సూదిలో గాలి లేకుండా చూసి, ఐస్ బాక్సులో పెట్టుకోండి. విసురు వలతో పట్టిన రొయ్యని తడి గుడ్డలో పట్టుకుని వెల్లకిలా తిప్పండి. తల భాగం అయిపోయి తోక భాగం మొదలయ్యే చోట, మొదటి ఖండం మొదట్లో, కింది వైపు మధ్యగా సూది మొన లోపలికి పోనిచ్చి మెల్లగా 0.2 మిల్లీలీటర్లు లాగండి. 50 కౌంట్ (కిలోకి 50 తూగే) రొయ్య, అంటే 20 గ్రాములది, ఆపాటి ఇస్తుంది. 100 కౌంట్ రొయ్యల దగ్గర అంత ఆశించకండి, రెండు మూడింటిది కలపాల్సి వస్తుంది. రక్తం రాకపోతే అదే రంధ్రంలో సూదిని అటూ ఇటూ తిప్పకండి. కండ చిరిగితే గడ్డ త్వరగా మొదలవుతుంది, పైగా కండ ముక్కలు కూడా ట్యూబులోకి వస్తాయి. ఆ రొయ్యని వదిలేసి ఇంకోటి తీసుకోండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: సిరంజిలో ఉన్నదాన్ని సూదిలోంచే జోరుగా ట్యూబులోకి చిమ్మడం. సూది తీసేసి, ట్యూబు గోడ మీదుగా మెల్లగా జార్చండి. గ్రాన్యులర్ కణాలు, అంటే లోపల నిండా గింజలున్నవి, ముట్టుకుంటే పగిలే రకం. 26 గేజ్ సూదిలోంచి రెండోసారి నొక్కితే మీ గ్రాన్యులర్ కణాల శాతం పడిపోతుంది, అది చెరువు తేడా అని రాసేస్తారు.

సిరంజిలో చిన్న దారం లాంటిది తేలుతూ కనిపిస్తే ఆ శాంపిల్‌ని పారేయండి. జల్లెడ పడితే దారం పోతుంది, దానికి చిక్కుకున్న కణాలూ పోతాయి. మిగిలినవి ఆ రొయ్య రక్తానికి నమూనా కావు.

ఫిక్సింగ్‌కి పారాఫార్మాల్డిహైడ్‌ని అదే చెరువుకి సరిచేసిన బఫర్‌లో 4 శాతంగా చేసుకుని, కణాల ద్రవానికి సమానంగా కలపండి. చివరికి 2 శాతం అవుతుంది. ఐస్ మీద 30 నిమిషాలు. తర్వాత 400 జీ దగ్గర, 4 డిగ్రీల్లో పది నిమిషాలు తిప్పి కడగండి. 400 జీ అన్నాను, 400 ఆర్‌పీఎం అనలేదు. రోటర్ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే అది సుమారు 1,900 ఆర్‌పీఎం. ఫిక్స్ అయిపోయిన కణం ఇక ఉబ్బి పగలదు కాబట్టి చివరి కడుగు మామూలు పీబీఎస్‌లో (1 శాతం బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపి) చేసుకోవచ్చు. పాటించాల్సింది ఒక్కటే, అన్ని చెరువుల ట్యూబులకీ ఒకేలా చేయాలి.

భీమవరం ఆక్వా షాపుల్లో డబ్బాల్లో దొరికే ఫార్మాలిన్ దీనికి వద్దు. అందులో గట్టిపడకుండా మిథనాల్ కలుపుతారు. మిథనాల్ కణం పొరని చిల్లులు చేసి ప్రోటీన్లని గడ్డకట్టిస్తుంది, స్కాటర్ మారిపోతుంది. గ్లుటరాల్డిహైడ్ కూడా వద్దు, కణమంతా తనంతట తానే పచ్చగా వెలుగుతుంది.

ఫిక్స్ చేసినవి 4 డిగ్రీల్లో, చీకట్లో, రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి. గడ్డకట్టించకండి. ఐస్ బాక్సులో ట్యూబుల్ని ఐస్‌కి ఆనించకుండా థర్మాకోల్ ర్యాక్‌లో నిలబెట్టి, పక్కన జెల్ ప్యాకులు పెట్టుకుంటే చాలు. రైల్లో తెస్తే నిద్రపోయే బెర్త్ కింద పడుకోబెట్టి తేకండి, మూతలు ఎంత బిగించినా కారతాయి.

మెషీన్ ఎక్కించే ముందు, ల్యాబ్‌లోనే, ప్రతి ట్యూబునీ 35 లేదా 40 మైక్రాన్ల నైలాన్ జల్లెడలోంచి పోయండి. ఇంటి దగ్గర వడకట్టి తెచ్చాం అంటే చాలదు. ప్రయాణంలో కణాలు అడుగుకి దిగి మళ్లీ అంటుకుంటాయి. జల్లెడ మూతలున్న 5 మిల్లీలీటర్ల గుండ్రటి అడుగు ట్యూబులు దొరుకుతాయి, అవి చాలా సైటోమీటర్లకి నేరుగా సరిపోతాయి. మీ దగ్గరవి సరిపోతాయో లేదో ముందే ఆపరేటర్‌ని అడగండి, పొట్టి మైక్రోట్యూబుల్ని అన్ని మెషీన్లూ తీసుకోవు.

ఇక కణాల లెక్క. చాలామంది దీన్ని వదిలేసి తర్వాత ట్యూబులు చాలక ఇబ్బంది పడతారు. న్యూబార్ చాంబర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడ్) మూలల్లో ఉండే నాలుగు పెద్ద గళ్లలో సగటున 250 కణాలు వచ్చాయనుకుందాం. 250ని 10,000తో, ఆపైన పలచన 3తో గుణిస్తే మిల్లీలీటరు రక్తానికి 75 లక్షలు. మీరు తీసింది 0.2 మిల్లీలీటర్లు, అంటే 15 లక్షల కణాలు. ఫిక్స్ చేసి రెండుసార్లు కడిగేసరికి సగం పోతాయనుకోండి, మిగిలేది ఏడెనిమిది లక్షలు. సైటోమీటర్‌కి మిల్లీలీటరుకి 10 లక్షల చొప్పున ఉంటే హాయిగా నడుస్తుంది. అంటే ఒక్క రొయ్యకి మహా అయితే రెండు ట్యూబులు. ఐదు రంగుల ప్యానెల్, దానికి ఐదు కంట్రోళ్లు (పోల్చి చూసుకునే ట్యూబులు) ఒకే రొయ్య రక్తంలోంచి తీస్తామంటే కుదరదు. కంట్రోళ్లకి నాలుగైదు రొయ్యల రక్తం కలిపిన ఉమ్మడి శాంపిల్ వాడుకోండి, కానీ రంగు వేయని కంట్రోల్ మాత్రం ప్రతి చెరువుకీ విడిగా ఉండాలి. హీమోసైట్ గింజలకి సొంత వెలుగు ఉంటుంది, అది చెరువుని బట్టి, మేతని బట్టి మారుతుంది.

ఎన్ని కణాలు చదివించాలి అంటే దానికి ఒక మంచి కొలత ఉంది. మీకు కావలసిన గుంపులో 400 కణాలు దొరికితే లెక్కలో తేడా 5 శాతం దగ్గర ఆగుతుంది (400కి వర్గమూలం 20, 400లో 20 అంటే 5 శాతం). గ్రాన్యులర్ కణాలు మొత్తంలో 5 శాతమైతే 8,000 కణాలు చదివితే చాలు, ధైర్యానికి 20,000 తీసుకోండి. అదే వెయ్యిలో ఒకటిగా ఉండే గుంపు కోసమైతే నాలుగు లక్షలు కావాలి, ఒక రొయ్య రక్తాన్ని రెండు ట్యూబులకి పంచితే ఒక్కోదాంట్లో అన్ని ఉండవు. ముందే ఈ లెక్క వేసుకుంటే స్లాట్ డబ్బులు మిగులుతాయి.

రెండు గంటల స్లాట్ అంటే చేతికి రెండు గంటలు రాదు. సెట్టింగులకి 20 నిమిషాలు, చివర్లో కడగడానికి 15 నిమిషాలు పోతాయి. ట్యూబుకి మూడు నిమిషాలు వేసుకున్నా, మధ్యలో ఒకసారి ఏదో ఒకటి అడ్డం పడుతుంది. కంట్రోళ్లతో కలిపి 20 ట్యూబులకి మించి పెట్టుకోకండి. మొదటిసారి వెళ్లేవాళ్లయితే పది.

మెషీన్ ముందు కూర్చున్నాక మొదట రంగు వేయని ట్యూబు పెట్టండి. ఫార్వర్డ్ స్కాటర్, సైడ్ స్కాటర్ వోల్టేజీలు ఎక్కడ పెడితే మూడు రకాలూ (గింజల్లేని హయలిన్, సగం గింజల సెమీగ్రాన్యులర్, నిండా గింజల గ్రాన్యులర్) తెర మీద పూర్తిగా పడతాయో చూడండి. గింజలు ఎక్కువైనకొద్దీ సైడ్ స్కాటర్ పైకి పోతుంది. ఈ మూడింటి మధ్య గీత గీసినట్టు ఖాళీ కనిపించదు, ఒకదాంట్లోకి ఒకటి జారుతూ ఉంటాయి. గేటు (ఒక గుంపుని వేరుచేసే గీత) ఎక్కడ గీశారన్నది అన్ని శాంపిల్స్‌కీ ఒకేలా ఉండాలి, ఏ శాంపిల్‌కి ఆ శాంపిల్ అందంగా కనబడేలా జరపకూడదు. థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న సిగ్నల్‌ని వదిలేయమనే హద్దు) మరీ పైకి పెడితే చిన్న హయలిన్ కణాలు లెక్కలోకే రావు. మరీ కిందకి పెడితే చెత్తే సగం ఫైలు నింపేస్తుంది. జంట కణాల్ని సిగ్నల్ ఏరియా, హైట్ పోల్చి తీసేయండి. ఫ్లో రేటు తక్కువలో పెట్టండి, త్వరగా అయిపోతుందని హైలో పెడితే కణాలు వరస తప్పి పీకులు వెడల్పవుతాయి. డీఎన్ఏ చూసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ఒకసారి పెట్టిన వోల్టేజీలు ఆ అధ్యయనం అయ్యేదాకా మార్చకండి. ఉండి రొయ్యలు ఈ వారం, మొగల్తూరు రొయ్యలు పైవారం అని అస్సలు పెట్టుకోకండి. ప్రతి ప్రయాణంలోనూ రెండు వైపుల చెరువులూ ఉండాలి. లేకపోతే తేడా చెరువుదో, ఆ రోజు లేజర్‌దో ఎవరూ చెప్పలేరు. అలాగే తీసే సమయం కూడా. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి ఉన్న చెరువూ, మధ్యాహ్నం ఏరేటర్లు తిరుగుతున్న చెరువూ పోల్చలేం. మోల్టింగ్‌లో ఉన్న రొయ్యలో హీమోసైట్ల సంఖ్య వేరుగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర గుల్ల వదిలేవి ఎక్కువని మన రైతులు మేత తగ్గిస్తారు కదా, మీరూ ఆ రోజులు తప్పించి, గుల్ల మెత్తగా ఉన్న రొయ్యని పక్కన పెట్టండి.

ఫిక్స్ చేయకూడనివాటి సంగతి. ఆక్సిజన్ రాడికల్స్‌కి వాడే డీసీఎఫ్ రంగు కణం బతికున్నంతసేపే లోపల నిలుస్తుంది. ఫిక్స్ చేస్తే కారిపోతుంది. దాన్ని మీ కాలేజీలోనే, తీసిన గంట రెండు గంటల్లో, ప్లేట్ రీడర్ మీద చేసుకోవడం మేలు. సైటోమీటర్‌లోనే కావాలంటే ఆ దూరం ప్రయాణం చేశాక వచ్చే అంకెకి విలువ తక్కువ. చచ్చిన కణాల లెక్కకి మాత్రం దారి ఉంది: ఫిక్స్ చేయదగిన వయబిలిటీ రంగులు. గట్టు మీదో కాలేజీలోనో కణాలు బతికుండగా ఆ రంగు వేసి, తర్వాత ఫిక్స్ చేయండి. అవి ప్రోటీన్ల అమైన్లకి అంటుకునే రకం, కాబట్టి ఆ దశలో బఫర్‌లో బీఎస్ఏ, ట్రిస్ (అమైన్ ఉన్న బఫర్ పదార్థం) ఉండకూడదు. రక్తంలోని ప్రోటీన్‌ని కూడా ముందు కడిగేయాలి. పీఐ వేసి తర్వాత ఫిక్స్ చేస్తాం అనేవాళ్లు ఇంకా ఉన్నారు, ఫిక్స్ అయ్యాక అన్ని కణాలూ పీఐని తీసుకుంటాయి.

అనెక్సిన్‌తో ఇంకో ఇరుకు. అది అంటుకోవాలంటే 2.5 మిల్లీమోలార్ కాల్షియం కావాలి, మీ యాంటీకోయాగ్యులెంట్ కాల్షియం మిగలనివ్వదు. కాల్షియం పోస్తే రక్తం గడ్డకడుతుంది. పైగా కిట్ బఫర్‌లో ఉప్పు 140 మిల్లీమోలారే, అందులో రొయ్య కణం ఉబ్బిపోతుంది. చేయాలంటే ముందు ప్లాస్మా అంతా పోయేలా కడిగి, ఉప్పు పెంచిన అనెక్సిన్ బఫర్‌లో వేసి, గంటలోపు మెషీన్ ఎక్కించాలి. మొదటి స్లాట్‌లో దీని జోలికి వెళ్లకండి.

ఫాగోసైటోసిస్ భీమవరంలోనే చేసి తేవచ్చు. ఒక మైక్రాన్ ఫ్లోరోసెంట్ పూసలు కణానికి 10 నుంచి 50 చొప్పున వేసి, గంట ఉంచి, ఫిక్స్ చేయండి. ఒక జత ట్యూబుల్ని 4 డిగ్రీల్లో ఉంచండి, చల్లదనంలో కణాలు మింగవు. అక్కడ కనబడిన వెలుగంతా పైపైన అంటుకున్నదే, దాన్ని తీసేసి చూడాలి.

బతికున్న రొయ్యల్ని ఆక్సిజన్ సంచుల్లో తేవచ్చా అంటే, తేవచ్చు కానీ వద్దంటాను. సంచిలో ఆరేడు గంటల ఒత్తిడికే హీమోసైట్ల లెక్క మారుతుంది. చెరువు గురించి ఏం తేలుస్తారు? పైగా తెల్లమచ్చ వైరస్ ఉన్న చెరువు రొయ్యని నీటితో సహా ఇంకో ఊరికి మోసుకెళ్లడం అసలు మంచిది కాదు. ఫిక్స్ చేయని శాంపిల్ తెస్తే ఏ చెరువుది, జబ్బు లక్షణాలున్నాయా అన్నది ఫారంలో దాచకుండా రాయండి. తెల్లమచ్చ వైరస్ మనుషులకి రాదు. విబ్రియో పారాహీమోలిటికస్ లాంటి బ్యాక్టీరియా మాత్రం మనుషులకీ వస్తుంది. సార్టర్ (కణాల్ని రకాలుగా వేరుచేసే సైటోమీటర్) మీద ఫిక్స్ చేయని శాంపిల్ పెడితే తుంపర గాల్లోకి లేస్తుంది కాబట్టి ఆపరేటర్ ఆ మాట అడిగితే విసుక్కోకండి.

ఉప్పు బఫర్ ఇంకో గొడవ తెస్తుంది. బతికున్న కణాల్ని ఉప్పు బఫర్‌లోనే నడపాలి, మెషీన్‌లో చుట్టూ పారే షీత్ ద్రవం మాత్రం మామూలుది. రెండింటి వక్రీభవనం తేడాగా ఉండి స్కాటర్ కొంచెం జరుగుతుంది. అందుకని బతికున్న ట్యూబుల స్కాటర్‌ని ఫిక్స్ చేసినవాటితో పోల్చకూడదు. అయిపోయాక 10 శాతం బ్లీచ్ ఐదు నిమిషాలు, క్లీనర్ ఐదు నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్ ఐదు నిమిషాలు నడపండి. నీళ్లు నడపకుండా వదిలేస్తే లోపలి సన్నగొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది. ఆ మర్నాడు వచ్చినవాళ్లు మిమ్మల్నే తిట్టుకుంటారు, తప్పూ లేదు.

కన్‌ఫోకల్ గంట. నిజానికి మీకు కన్‌ఫోకల్ కావాల్సింది ఒక్కదానికే: పూస కణం లోపలుందా, మీద కూర్చుందా చూడ్డానికి. రకాలు గుర్తించడానికి, లెక్కపెట్టడానికి మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు చాలు, దాని అద్దె కూడా తక్కువే ఉంటుంది. ఉన్న గంటలో పది కణాల్ని నిలువునా 0.3 మైక్రాన్ల మెట్లతో కోసి చూస్తే చాలు.

కణాల్ని స్లైడ్ మీద కాదు, కవర్‌స్లిప్ మీద అంటించండి. పాలీ లైసిన్ పూసిన నంబర్ ఒకటిన్నర కవర్‌స్లిప్, 0.17 మిల్లీమీటర్లది. కాలేజీ స్టోర్లలో ఉండే పెట్టెలు చాలావరకు నంబర్ ఒకటి, ఇంకా పలచన. 63 ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్ 0.17కి లెక్కగట్టి చేసింది, మందం తేడా వస్తే అంచులు పొగలా కనబడతాయి. పచ్చ రంగుకి, 1.4 ఎన్ఏ (లెన్స్ వెలుగు పట్టే సామర్థ్యం)తో, మీరు విడదీసి చూడగలిగేది 225 నానోమీటర్ల దాకా. కాబట్టి పిక్సెల్ 80 నుంచి 90 నానోమీటర్లు చాలు. జూమ్ ఇంకా పెంచితే కొత్తగా ఏమీ కనబడదు, రంగు మాత్రం మాడిపోతుంది. మౌంటింగ్ ద్రవం రాత్రంతా ఆరనివ్వండి. అంచులకి వేసిన నెయిల్ పాలిష్ కూడా పూర్తిగా ఆరాలి. పచ్చి నెయిల్ పాలిష్ ఆయిల్‌తో కలిసి లెన్స్‌కి అంటితే దాని ఖరీదు మీ ఫెలోషిప్‌కి మించుతుంది.

మన డెల్టా గాలి సంగతి తెలిసిందే కదా. ఐస్ బాక్సులోంచి తీసిన స్లైడ్‌ని వెంటనే తెరిస్తే మీద మంచు బిందువులు పడతాయి. డబ్బా మూసే ఉంచి 20 నిమిషాలు గది వేడికి రానివ్వండి. చలిగా ఉందని ఏసీ ఆపమని అడగకండి. తేమ ఎక్కువైతే ఆబ్జెక్టివ్ లోపల బూజు పడుతుంది, గది ఉష్ణోగ్రత ఊగితే లేజర్ వరస తప్పుతుంది. లేజర్లు వేడెక్కి నిలకడ పడడానికే అరగంట కావాలి.

వెళ్లే ముందు ఫోన్‌లో అడగాల్సినవి: అద్దె గంటకా, శాంపిల్‌కా? ఆపరేటర్ ఖర్చు అందులోనే ఉందా? ఏయే లేజర్లున్నాయి? 488 నానోమీటర్ల లేజర్ మాత్రమే ఉంటే 405 లేజర్ కోరే రంగులు కొనకండి. డాపీ అనే డీఎన్ఏ రంగు కూడా ఆ బాపతే. దగ్గర్లో ఇంకెక్కడ ఏ మెషీన్ ఉందో చూసుకోవాలంటే ఐ-స్టెమ్ జాతీయ పోర్టల్‌లో వెతకండి, దేశంలోని ఉమ్మడి పరికరాల జాబితా అందులో ఉంటుంది. వచ్చేటప్పుడు పీడీఎఫ్ బొమ్మలతో సరిపెట్టుకోకండి, అసలు ఎఫ్‌సీఎస్ ఫైళ్లు (సైటోమీటర్ కొలతలుండేవి), కన్‌ఫోకల్ మూల ఫైళ్లు తెచ్చుకోండి. జేపెగ్‌లోంచి తర్వాత ఏమీ కొలవలేరు.

ఇదంతా చేసే ముందు మీ కాలేజీలోనే ఒక రోజు పరీక్షగా నడపండి. ఫిక్స్ చేసిన ట్యూబు ఒకటి రాత్రంతా ఐస్ బాక్సులో ఉంచి, మర్నాడు వడకట్టి, చాంబర్‌లో 200 కణాలు చూడండి. పదికి మించి కణాలు గుంపులుగా అంటుకుని ఉంటే స్లాట్ వాయిదా వేసుకోండి, యాంటీకోయాగ్యులెంట్ మళ్లీ చేయండి. రెండు వైపుల చెరువుల రొయ్యల రక్తం ఆస్మోలాలిటీ కొలిచాక ఆ అంకెలు కింద పెట్టండి, ఉప్పు ఎన్ని గ్రాములో లెక్కగట్టి చెప్తాను.